హబ్ వెనుక ఉన్న నెమ్మది యూఎస్‌బీ పరికరాలు: డ్రైవర్ షెడ్యూలింగ్ మారిస్తే వేగం పెరుగుతుందా?

ప్రశ్న — కొలమానం

అందరికీ నమస్కారం. నా దగ్గర ఒక పాత కంప్యూటరు ఉంది. దానికి ఐదు కొలత పరికరాలు తగిలించి ఉన్నాయి. ఐదూ ఫుల్ స్పీడ్ రకానివే, అంటే తీగ మీద సెకనుకు 12 మెగాబిట్ల వేగంతో మాట్లాడేవి. వాటిలో నాలుగు సెన్సర్ పెట్టెలు, ప్రతి మిల్లీసెకనుకూ 64 బైట్ల చొప్పున ఇంటరప్ట్ ఎండ్‌పాయింట్ (నిర్ణీత వ్యవధిలో తప్పక పలకరించవలసిన డేటా ద్వారం) ద్వారా రీడింగులు పంపుతాయి. ఐదోది డేటా లాగర్. దాని లోపల ఉన్న 16 మెగాబైట్ల మెమరీని రోజుకు ఒకసారి బల్క్ (ముందుగా వేళ కేటాయించకుండా, మిగిలిన కాలంలో పెద్ద మొత్తంగా పంపే) పద్ధతిలో దించుకోవలసి ఉంటుంది. ఈ ఐదింటినీ ఒకే యూఎస్‌బీ 2.0 హబ్‌కు కలిపాను. కంప్యూటరులో ఉన్నది ఈహెచ్‌సీఐ కంట్రోలర్ (యూఎస్‌బీ 2.0 బస్సును నడిపే హార్డ్‌వేర్), నడుస్తున్నది లినక్స్. దాని మూలభాగమైన కెర్నల్‌ను చాలా ఏళ్ల కిందట, అవసరం లేదనుకున్న ఎంపికలన్నీ తీసేసి, నేనే కంపైల్ చేసుకున్నాను.

నా ఇబ్బందులు రెండు. మొదటిది, సెన్సర్ పెట్టెలలో రెండు ఏ లోపమూ లేకుండా పనిచేస్తాయి గానీ మూడోదాన్ని తెరవగానే కెర్నల్ -28 దోషం చూపించి, బ్యాండ్‌విడ్త్ చాలదంటుంది. ఏ రెండింటిని ముందు తెరిచినా మూడోదానికి ఇదే గతి, కాబట్టి పరికరాల్లో లోపం లేదని తేలింది. నాలుగూ కలిపి పంపేది సెకనుకు 2,56,000 బైట్లు మాత్రమే. కంప్యూటరుకూ హబ్‌కూ నడుమ ఉన్న 480 మెగాబిట్ల హై స్పీడ్ బస్సు మీద ఇంత చిన్న మొత్తానికి చోటు లేదనడం నాకు అంతుపట్టడం లేదు. రెండోది, లాగర్ నుంచి డేటా సెకనుకు సుమారు 96 కిలోబైట్ల వేగంతోనే వస్తుంది, 16 మెగాబైట్లు దిగడానికి దాదాపు మూడు నిమిషాలు పడుతోంది.

కెర్నల్ ఎంపికల పట్టికలో ఈహెచ్‌సీఐ కింద ‘ఇంప్రూవ్డ్ ట్రాన్సాక్షన్ ట్రాన్స్‌లేటర్ షెడ్యూలింగ్’ అని ఒకటి కనిపించింది. నా కెర్నల్‌లో అది ఆపివేసి ఉంది. అది సరిగ్గా దేన్ని మారుస్తుంది? దాన్ని ఆన్ చేస్తే నా రెండు ఇబ్బందులూ తీరతాయా, లేక ఒక్కటేనా? ఈ యంత్రం మీద కెర్నల్ మళ్లీ కట్టడమంటే ఒక రోజు పని ఆపుకోవాలి. అందుకని ముందుగా విషయం అర్థం చేసుకుని ఆ పని మొదలుపెట్టాలనుకుంటున్నాను.

సమాధానం — నిదానం

కొలమానం గారూ, మీ రెండు ఇబ్బందులకూ మూలాలు వేరు. ఆ ఎంపిక మొదటిదాన్ని తీరుస్తుంది, రెండోదాన్ని తాకనైనా తాకదు. నేను మొదటిదాని గురించే కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ లోటు తీగలో లేదు, హబ్‌లోనూ లేదు, చోటును డ్రైవర్ లెక్కపెట్టుకునే పద్ధతిలో ఉంది.

హై స్పీడ్ బస్సు మీద కాలాన్ని 1 మిల్లీసెకను ఫ్రేములుగానూ, ఒక్కో ఫ్రేమును 125 మైక్రోసెకన్ల చొప్పున 8 మైక్రోఫ్రేములుగానూ పంచుతారు. మీ పెట్టెలకు హై స్పీడ్ భాష రాదు. అందువల్ల హబ్ లోపల ట్రాన్సాక్షన్ ట్రాన్స్‌లేటర్ అనే భాగం దుబాసీలాగా నిలబడుతుంది. కంట్రోలర్ ముందుగా ‘స్టార్ట్ స్ప్లిట్’ పంపి ఫలానా పరికరాన్ని అడగమని ఆ దుబాసీకి చెబుతుంది, తర్వాత ఒకటి రెండు మైక్రోఫ్రేములు ఆగి ‘కంప్లీట్ స్ప్లిట్’ పంపి జవాబు పుచ్చుకుంటుంది. ఈ మధ్యకాలంలో హబ్‌కూ పెట్టెకూ నడుమ సంభాషణ 12 మెగాబిట్ల వేగంతో నింపాదిగా జరుగుతుంది, పైన 480 మెగాబిట్ల బస్సు మాత్రం ఇతరుల పనికి ఖాళీగా ఉంటుంది.

ఇంటరప్ట్, ఐసోక్రోనస్ (ధ్వని, వీడియోల్లా ఎడతెగకుండా సాగే) బదిలీల విషయంలో ఈ రెండు అడుగులూ ఏ మైక్రోఫ్రేములో పడాలో డ్రైవర్ ముందే నిర్ణయించి పట్టికలో రాసిపెట్టాలి. కంప్లీట్ స్ప్లిట్ రావలసిన వేళకు రాకపోతే దుబాసీ ఆ జవాబును పారేస్తుంది, మళ్లీ అడిగే వీలుండదు. ఈ భయం వల్లనే పాత షెడ్యూలింగ్ చాలా జాగ్రత్తగా ఉండేది. ఒక పరికరానికి రాసిపెట్టిన స్టార్ట్, కంప్లీట్ మైక్రోఫ్రేముల మీద అదే దుబాసీకి చెందిన మరో పరికరం పడకుండా చూసేది. ఫ్రేము చివరి మైక్రోఫ్రేములలో స్టార్ట్ స్ప్లిట్ వేస్తే కంప్లీట్ స్ప్లిట్ పక్క ఫ్రేములోకి జారుతుంది గనుక ఆ చోటు కూడా వాడేది కాదు. ప్రతి మిల్లీసెకనుకూ పలకరించవలసిన పరికరం ఒక్కొక్కటి మూడేసి మైక్రోఫ్రేములు ఆక్రమిస్తే, 8 మైక్రోఫ్రేముల ఫ్రేములో రెండింటికే చోటు దొరుకుతుంది. మీ మూడో పెట్టెకు -28 ఎదురవుతున్నది అందుకే.

ఇప్పుడు నిజంగా ఎంత సమయం ఖర్చవుతున్నదో చూద్దాం. 64 బైట్లంటే 512 బిట్లు. వరసగా ఒకట్లు వచ్చినప్పుడు తీగ మీద అదనంగా చొప్పించే బిట్లను అతి చెడ్డ సందర్భానికి కలుపుకుంటే 597 అవుతాయి. 12 మెగాబిట్ల వేగంతో అది దాదాపు 50 మైక్రోసెకన్లు. పలకరింపు, అందినట్టు చెప్పే సంకేతం, కంట్రోలర్ ఆలస్యం కలిపి డ్రైవర్ దాన్ని సుమారు 60 మైక్రోసెకన్లుగా లెక్కిస్తుంది. అంటే మీ నాలుగు పెట్టెలకూ 1,000 మైక్రోసెకన్ల ఫ్రేములో 240 చాలు. పాత లెక్క 120 మైక్రోసెకన్ల అసలు పనితోనే ఫ్రేము నిండిపోయిందని భావిస్తోంది.

మీరు చూసిన ఎంపిక 2006లో కెర్నల్‌లోకి వచ్చింది. అది మైక్రోఫ్రేములను ‘ఖాళీ’, ‘నిండినది’ అని విడదీయడం మానేసి, ఒక్కో మైక్రోఫ్రేములో దుబాసీ ఎన్ని మైక్రోసెకన్లు పనిచేయగలదో లెక్కపెడుతుంది. అది వచ్చిన కొత్తలో ఉన్న పట్టికలో మొదటి ఆరు మైక్రోఫ్రేములకు 125 చొప్పున, ఏడోదానికి 30, ఎనిమిదోదానికి సున్నా ఉండేవి. ఒక మైక్రోఫ్రేములో పట్టని పనిని తర్వాతిదానికి నెట్టి లెక్కలో కలుపుకుంటుంది. ఈ పద్ధతిలో మీ పెట్టెలు రెండేసి ఒక్కో మైక్రోఫ్రేములో సర్దుకుంటాయి. 2013లో ఈ లెక్కలను ఇంకా సవరించి, ఒక్కో దుబాసీకి విడిగా బ్యాండ్‌విడ్త్ పట్టిక ఉంచే ఏర్పాటు చేశారు. ఇప్పటి కెర్నల్‌లో ఈ ఎంపిక మనం ముట్టుకోకపోతే ఆన్‌లోనే ఉంటుంది. కాబట్టి మీరు ఎలాగూ కెర్నల్ కడుతున్నారు గనుక, పాతదానిలో ఈ ఒక్క ఎంపిక మార్చడం కంటే కొత్త కెర్నల్‌కు మారడం మేలని నా అభిప్రాయం.

మీ కీబోర్డు, మౌసు కోసమైతే ఇదంతా అక్కరలేదని కూడా చెప్పాలి. అవి అరుదుగా, అతి తక్కువ బైట్లతో మాట్లాడతాయి. అందువల్ల పాత లెక్కతోనూ వాటికి లోటు రాదు.

సమాధానం — తీగలమాలి

కెర్నల్ మళ్లీ కట్టకుండా ముందుగా ఒక ప్రయత్నం చేయవచ్చేమో చూడండి. ఈహెచ్‌సీఐ డ్రైవర్ సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ విలువలు ఫైళ్లుగా కనిపించే చోట) ఒక విలువను బయటపెడుతుంది. ఒక్కో మైక్రోఫ్రేములో ముందే కేటాయించిన బదిలీలకు గరిష్ఠంగా ఎన్ని మైక్రోసెకన్లు ఇవ్వవచ్చో అది చెబుతుంది. మొదట అది 100గా ఉంటుంది. దాన్ని 110కో 120కో పెంచితే మూడో పెట్టెకు చోటు దొరకవచ్చు. నేను ఒకసారి రెండు కెమెరాలను ఒకే బస్సు మీద నడపవలసి వచ్చినప్పుడు ఇలాగే చేశాను, అవి రెండూ కలిసి పనిచేశాయి.

లాగర్ విషయంలో నాకు ఒక అనుమానం ఉంది. అది లోపల సీరియల్ చిప్ పెట్టుకున్న పరికరమా? అయితే ఆ చిప్‌లోని ఒక టైమరు మీ వేగాన్ని తినేస్తూ ఉండవచ్చు. మీరు అవునంటే దాని గురించి రాస్తాను.

సమాధానం — దిక్సూచి

తీగలమాలి గారు చెప్పిన విలువ నిజంగానే ఉంది, వారి కెమెరాలకు అది పనికివచ్చిందంటే అందులో ఆశ్చర్యం లేదు. కానీ కొలమానం గారి సమస్యకు అది మందు కాదు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం హై స్పీడ్ బస్సు మీద ముందస్తు కేటాయింపులకు మైక్రోఫ్రేములో 80 శాతం మించకూడదంటుంది. 125లో 100 మైక్రోసెకన్లు అన్న హద్దు అక్కడి నుంచి వచ్చింది. రెండు వీడియో ప్రవాహాలకు కలిపి 110 మైక్రోసెకన్లు కావలసి వచ్చినప్పుడు ఆ హద్దు అడ్డం నిలుస్తుంది, దాన్ని జరిపితే దారి దొరుకుతుంది. ఇక్కడ నిండినది హై స్పీడ్ బస్సు కాదు. దుబాసీ వెనుక ఉన్న ఫుల్ స్పీడ్ బస్సు నిండినట్టు పాత డ్రైవర్ అనుకుంటున్నది. 100ను 120 చేసినా ఆ అనుకోలు మారదు, మూడో పెట్టెకు అదే -28 వస్తుంది. పైగా, ఆ విలువను 100 దాటించిన స్థితిలో హార్డ్‌వేర్‌ను సాధారణంగా గట్టిగా పరీక్షించి ఉండరని, కంట్రోలర్ తడబడవచ్చని కెర్నల్ పత్రాలే హెచ్చరిస్తున్నాయి. ప్రయోజనం లేని చోట ఆ ముప్పు తెచ్చుకోవద్దని నా మనవి.

ఫుల్ స్పీడ్ బస్సుకూ ప్రమాణంలో ఇలాంటి హద్దు ఉంది. అక్కడ ముందస్తు కేటాయింపులు ఫ్రేములో 90 శాతం వరకు పోవచ్చు. మీ నాలుగు పెట్టెలూ కలిసి అందులో నాలుగో వంతు మాత్రమే అడుగుతున్నాయి గనుక ఆ హద్దు గురించి మీరు ఆలోచించవలసిన పని లేదు.

ఇంకొక దారి ఉంది, దానికి కెర్నల్ కట్టనవసరం లేదు. హబ్‌లు రెండు రకాలు. మొదటి రకంలో అన్ని పోర్టులకూ కలిపి ఒకే దుబాసీ ఉంటుంది. రెండో రకంలో పోర్టుకు ఒకటి చొప్పున ఉంటుంది. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశంతో హబ్ వివరాలను పూర్తిగా తెరిచి చూస్తే, డివైస్ ప్రోటోకాల్ అన్న వరుసలో 1 ఉంటే మొదటి రకం, 2 ఉంటే రెండో రకం. పోర్టుకొక దుబాసీ ఉన్న హబ్‌లో మీ పెట్టెలు నాలుగూ నాలుగు వేరువేరు 12 మెగాబిట్ల బస్సుల మీద ఉన్నట్టే. కాబట్టి ఒకదానితో ఒకటి ఢీకొనే ప్రశ్నే లేదు, పాత షెడ్యూలింగ్ కూడా అభ్యంతరం చెప్పదు. హబ్ అమ్మేవారు ఈ వివరాన్ని పెట్టె మీద రాయడం అరుదు, అదొక్కటే దీనిలో చిక్కు.

ఇక లాగర్. బల్క్ బదిలీకి ముందస్తు పట్టిక ఉండదు, మిగిలిన కాలమంతా దానిదే. 64 బైట్ల ప్యాకెట్లతో ఫుల్ స్పీడ్ బస్సు మీద ఒక ఫ్రేములో 19 ప్యాకెట్ల వరకు పడతాయి, అంటే సిద్ధాంతరీత్యా సెకనుకు 12,16,000 బైట్లు. మీకు అందులో పన్నెండో వంతు కంటే కొంచెం తక్కువే వస్తోంది. పరికరం నిజంగా నెమ్మదిదా, లేక దాన్ని అడగడంలో మనం ఆలస్యం చేస్తున్నామా అన్నది ముందు తేల్చాలి. ఊహించనక్కరలేదు, యూఎస్‌బీమాన్ అనే కెర్నల్ సౌకర్యం ప్రతి అభ్యర్థన వెళ్లిన క్షణాన్నీ, అది పూర్తయి వచ్చిన క్షణాన్నీ మైక్రోసెకన్లలో రాసి చూపిస్తుంది. వెళ్లినదానికి ఎస్ అని, తిరిగి వచ్చినదానికి సి అని వరుసలో గుర్తు ఉంటుంది. ఎస్ నుంచి సి వరకు పట్టే కాలం బస్సుదీ పరికరానిదీ. సి నుంచి తర్వాతి ఎస్ వరకు పట్టే కాలం పూర్తిగా మనది, అంటే ప్రోగ్రాముదీ డ్రైవర్‌దీ. ఈ రెండు అంకెలూ, మీ ప్రోగ్రాము ఒక్కోసారి ఎన్ని బైట్లు అడుగుతున్నదో కూడా చెప్పండి.

కొలమానం

ఇద్దరి వివరణలకూ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే కొలిచి చూశాను.

హబ్ ప్రోటోకాల్ వరుసలో 1 ఉంది, అంటే అన్ని పోర్టులకూ ఒకే దుబాసీ. లాగర్‌లో సీరియల్ చిప్ లేదు, దాని బల్క్ ఎండ్‌పాయింట్ నేరుగా కనిపిస్తుంది. దాన్ని చదివే ప్రోగ్రాము నేను రాసినదే, లిబ్‌యూఎస్‌బీ (ప్రోగ్రాము నుంచి యూఎస్‌బీ పరికరాలతో మాట్లాడే లైబ్రరీ) సాయంతో. అది ఒక్కోసారి 64 బైట్లు అడిగి, అవి వచ్చేదాకా ఆగి, ఫైలులో రాసి, మళ్లీ అడుగుతుంది. ఎండ్‌పాయింట్ ప్యాకెట్ పరిమాణం 64 గనుక అంతకంటే ఎక్కువ అడగకూడదని అనుకున్నాను.

యూఎస్‌బీమాన్ అంకెలు ఇవి. ఎస్ నుంచి సి వరకు సగటున 400 మైక్రోసెకన్లు, సి నుంచి తర్వాతి ఎస్ వరకు సగటున 260. మొత్తం 660 మైక్రోసెకన్లకు ఒక 64 బైట్ల ముక్క. సెకనుకు దాదాపు 1,500 ముక్కలు, అంటే నేను చెప్పిన 96 కిలోబైట్లు ఇక్కడికే వస్తున్నాయి. ఈ 260 మైక్రోసెకన్లలో బస్సు మీద నా లాగర్ పని ఏమీ జరగడం లేదని ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. అయితే ఎస్ నుంచి సి వరకు 400 ఎందుకు? తీగ మీద 60 మైక్రోసెకన్ల పనికి అంత కాలం పట్టడమేమిటి?

సమాధానం — దిక్సూచి

ఆ 400లో తీగ మీది పని నిజంగానే కొద్ది భాగం. అభ్యర్థన కంట్రోలర్ వరుసలో చేరాలి. స్టార్ట్ స్ప్లిట్ హబ్‌కు చేరాలి. పరికరం ఆ క్షణానికి సిద్ధంగా లేకపోతే ‘ఇప్పుడు లేదు’ అని నాక్ పంపుతుంది, మళ్లీ మొదటి నుంచి అడగాలి. మధ్యలో సెన్సర్ పెట్టెల వంతు వస్తే దుబాసీ ముందు వాటి పని చూస్తుంది, ఎందుకంటే ముందస్తు కేటాయింపులకు బల్క్ కంటే ప్రాధాన్యం ఎక్కువ. అంతా అయ్యాక పని పూర్తయిందని ప్రోసెసర్‌కు చెప్పే ఇంటరప్ట్ సంకేతాన్ని కంట్రోలర్ మైక్రోఫ్రేము హద్దు మీదనే లేపుతుంది, అక్కడా 125 మైక్రోసెకన్ల వరకు పోవచ్చు. ఇవన్నీ ఒక్కో అభ్యర్థనకు ఒక్కసారి చెల్లించవలసిన సుంకాలు. మీరు 64 బైట్లకొకసారి ఆ సుంకం మొత్తం కడుతున్నారు.

ఇక్కడే ఒక సాధారణమైన అపోహ ఉంది. ఎండ్‌పాయింట్ ప్యాకెట్ పరిమాణం వేరు, అభ్యర్థన పరిమాణం వేరు. మీరు 16 కిలోబైట్లు అడిగితే దాన్ని 256 ప్యాకెట్లుగా విడగొట్టి వరసగా తెచ్చే పని కంట్రోలర్ హార్డ్‌వేరే చేస్తుంది. మధ్యలో ప్రోసెసర్‌ను లేపదు, మీ ప్రోగ్రాము వంతు కోసం ఆగదు. 16 కిలోబైట్లనే ఎందుకంటున్నానంటే, ఈహెచ్‌సీఐలో ఒక బదిలీ వివరణలో 4 కిలోబైట్ల పేజీలు (మెమరీ ముక్కలు) ఐదింటిని సూచించవచ్చు. బఫరు పేజీ మధ్యలో ఎక్కడ మొదలైనా అందులో 16 కిలోబైట్లు తప్పకుండా పడతాయి. పాత కెర్నళ్లలో యూజర్ ప్రోగ్రాములు ఒక్క అభ్యర్థనలో అడగగలిగే హద్దు కూడా అదే.

అడిగే పరిమాణం మాత్రం ఎప్పుడూ 64 గుణిజంగా ఉండాలి. మీరు 100 బైట్లు అడిగారనుకోండి. రెండో ప్యాకెట్‌లో పరికరం నిండుగా 64 బైట్లు పంపితే మీ బఫరులో పట్టక ఓవర్‌ఫ్లో దోషం వస్తుంది. అలాగే, 64 కంటే చిన్న ప్యాకెట్ ఏది వచ్చినా బదిలీ అక్కడితో ముగిసినట్టే. కాబట్టి 16 కిలోబైట్లు అడిగినప్పుడు తక్కువ వచ్చినా అది దోషం కాదు, ఎన్ని బైట్లు వచ్చాయో చూసుకుని అంతవరకే ఫైలులో రాయాలి. పరికరం పంపవలసినది సరిగ్గా 64 గుణిజంతో ముగిసినప్పుడు ముగింపు తెలియడానికి సున్నా బైట్ల ప్యాకెట్ పంపాలి. కొన్ని ఫర్మ్‌వేర్లు (పరికరం లోపలి ప్రోగ్రాములు) దాన్ని పంపవు, అప్పుడు చివరి అభ్యర్థన అలా వేలాడుతూ ఉండిపోతుంది. అందుకని టైమ్‌అవుట్ పెట్టుకోండి.

పరిమాణం పెంచడం సగం పని. మిగతా సగం, వరుస ఖాళీ కాకుండా చూడడం. ఒకే అభ్యర్థన పంపి ఆగితే, అది పూర్తయి మీరు తర్వాతిది పంపేదాకా ఉన్న 260 మైక్రోసెకన్ల ఖాళీ అలాగే ఉంటుంది, కాకపోతే అరుదుగా వస్తుంది. లిబ్‌యూఎస్‌బీలో అసింక్రోనస్ పద్ధతి (జవాబు కోసం ఆగకుండా అభ్యర్థనలు పంపడం) ఉంది. నాలుగు అభ్యర్థనలు ముందుగానే పంపి ఉంచండి. ఒకటి పూర్తయి రాగానే దాని డేటాను పక్కన పెట్టి, అదే అభ్యర్థనను వెంటనే తిరిగి వరుసలో చేర్చండి. ఫైలులో రాయడం ఆ తర్వాత. మీరు డిస్కు కోసం ఆగినా కంట్రోలర్ చేతిలో ఇంకా మూడు అభ్యర్థనలు ఉంటాయి గనుక బస్సు ఆగదు. ఆపవలసి వచ్చినప్పుడు మాత్రం వరుసలో మిగిలినవాటిని రద్దు చేసి, అవి తిరిగి వచ్చేదాకా వేచి, ఆ తర్వాతే బఫర్లను విడుదల చేయాలి. ఈ క్రమం తప్పితే ప్రోగ్రాము ఎక్కడో సంబంధం లేని చోట కూలిపోతుంది, కారణం వెతకడానికి రోజులు పడుతుంది.

ఇంత చేసినా 12,16,000 బైట్ల అంకె అందదని ముందే చెబుతున్నాను. ఒక ఎండ్‌పాయింట్‌కు ఒకసారి ఒక స్ప్లిటే నడుస్తుంది. హబ్ ఒక ప్యాకెట్ తెచ్చి, దాన్ని కంట్రోలర్ పుచ్చుకున్నాకే తర్వాతి స్టార్ట్ స్ప్లిట్ వెళుతుంది. ఆ నడుమ ఫుల్ స్పీడ్ తీగ కొంతసేపు ఊరికే ఉంటుంది. దానికి తోడు నాలుగు సెన్సర్లూ ఫ్రేముకు 240 మైక్రోసెకన్లు తీసుకుంటే, మిగిలిన 760లో 14 ప్యాకెట్లు పడతాయి. అంటే ఒకే దుబాసీ వెనుక అన్నీ నడుస్తుండగా లాగర్‌కు దక్కగల పైహద్దు సెకనుకు 9 లక్షల బైట్లకు కొంచెం లోపు.

సమాధానం — తీగలమాలి

హద్దు పెంచే సలహా విషయంలో దిక్సూచి గారి దిద్దుబాటు సరైనదే. నా కెమెరాలు హై స్పీడ్‌వి కావడంతో రెండు సందర్భాలూ ఒకటేనని భ్రమపడ్డాను. కొలమానం గారు ఆ ప్రయోగం చేయవద్దు.

సీరియల్ చిప్ లేదన్నారు గనుక నా రెండో అనుమానం కూడా మీకు వర్తించదు. అయినా ఇదే ఇబ్బందితో ఇక్కడికి వచ్చేవారిలో యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ వాడేవారు చాలామంది ఉంటారు కాబట్టి రెండు మాటలు రాస్తాను. అలాంటి తీగల్లో ఉండే ఎఫ్‌టీడీఐ రకం చిప్‌లు అందిన బైట్లను వెంటనే పంపవు. 64 బైట్ల ప్యాకెట్‌లో 2 బైట్లు స్థితి సమాచారానికి పోగా, మిగిలిన 62 నిండేదాకా గానీ, లేటెన్సీ టైమరు ముగిసేదాకా గానీ ఆగుతాయి. ఆ టైమరు మొదట 16 మిల్లీసెకన్లుగా ఉంటుంది. ఎడతెగకుండా డేటా వచ్చే పనికి ఇది మంచి ఏర్పాటే. కానీ పది బైట్ల ప్రశ్న వేసి పది బైట్ల జవాబు కోసం ఎదురుచూసే పరికరానికి, బాడ్ రేటు (సీరియల్ తీగ మీది వేగం) ఎంత పెంచినా సెకనుకు 60 ప్రశ్నలకు మించి సాగవు. లినక్స్‌లో ఆ సీరియల్ పోర్టు సిస్‌ఎఫ్‌ఎస్ డైరెక్టరీలో లేటెన్సీ టైమర్ అనే ఫైలు ఉంటుంది, అందులో 1 రాస్తే చాలు. షెడ్యూలింగ్ జోలికి పోకుండానే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బదులుగా ప్రోసెసర్‌కు ఇంటరప్ట్‌లు ఎక్కువవుతాయి, ఒకటి రెండు పోర్టులకు అది భారం కాదు.

కొలమానం

వారం తర్వాత వస్తున్నాను. చేసిన పనులను ఒకదాని తర్వాత ఒకటిగా కొలుస్తూ చేశాను, ఏది దేనివల్ల మారిందో కలగాపులగం కాకూడదని.

మొదట పాత కెర్నల్‌ను అలాగే ఉంచి, లాగర్ ప్రోగ్రామును మాత్రమే మార్చాను. 16 కిలోబైట్ల అభ్యర్థన ఒక్కటే పంపి ఆగే పద్ధతిలో, సెన్సర్లన్నీ ఆపి ఉంచితే, సెకనుకు సుమారు 780 కిలోబైట్లు వచ్చాయి. నాలుగు అభ్యర్థనలు వరుసలో ఉంచితే 850. ఎనిమిది ఉంచి చూశాను, తేడా లేదు. మూడు నిమిషాల పని 20 సెకన్లకు దిగింది. ఒక్క అపోహ వల్ల ఇన్నేళ్లుగా రోజూ ఆ మూడు నిమిషాలు వేచి ఉన్నందుకు బాధగా ఉంది.

తర్వాత కొత్త కెర్నల్ కట్టి, ఆ ఎంపిక ఆన్‌లో ఉందని సరిచూసుకుని నడిపాను. నాలుగు సెన్సర్ పెట్టెలూ తెరుచుకున్నాయి. రాత్రంతా నడిపి రీడింగుల వరుస సంఖ్యలు సరిచూశాను, ఒక్కటీ పోలేదు. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని (కెర్నల్ లోపలి స్థితిని చూపే చోటులోని) ఈహెచ్‌సీఐ పట్టిక తెరిచి చూస్తే పెట్టెలు ఏయే మైక్రోఫ్రేములలో కూర్చున్నాయో కనిపించింది. నిదానం గారు చెప్పినట్టు ఒకే మైక్రోఫ్రేమును రెండు పంచుకుంటున్నాయి. సెన్సర్లు నాలుగూ నడుస్తుండగా లాగర్ వేగం సెకనుకు 680 కిలోబైట్ల దగ్గర ఆగుతోంది, ఇది కూడా దిక్సూచి గారి పైహద్దు లోపలే ఉంది.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. ఈ కంప్యూటరును వచ్చే ఏడాది మార్చాలి. కొత్తదానిలో ఈహెచ్‌సీఐకి తర్వాతి తరమైన ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్ ఉంటుంది. ఈ ఎంపికలన్నీ అక్కడ కూడా చూసుకోవాలా?

సమాధానం — నిదానం

ఒక్కో మార్పునూ విడిగా కొలిచి ఫలితాలు రాసినందుకు కృతజ్ఞతలు, ఇలాంటి అంకెలు తర్వాత వెతుక్కుంటూ వచ్చేవారికి ఎంతో అక్కరకు వస్తాయి.

ఎక్స్‌హెచ్‌సీఐలో ఈ ఎంపిక ఉండదు. అక్కడ మైక్రోఫ్రేముల పట్టిక రాసే పని డ్రైవర్ చేతిలో లేదు. ఏ ఎండ్‌పాయింట్‌కు ఎంత తరచుగా ఎన్ని బైట్లు కావాలో డ్రైవర్ విన్నవిస్తుంది, చోటు ఉందో లేదో కంట్రోలరే తన లోపల లెక్క చూసుకుని ఒప్పుకుంటుంది లేదా కాదంటుంది. స్ప్లిట్‌లను ఎప్పుడు పంపాలో కూడా అదే నిర్ణయించుకుంటుంది. కాబట్టి ఒకవేళ అక్కడ కూడా బ్యాండ్‌విడ్త్ చాలదని కెర్నల్ లాగ్‌లో కనిపిస్తే, డ్రైవర్‌లో మార్చగలిగింది చాలా తక్కువ. పరికరాలను వేరే పోర్టుకో, పోర్టుకొక దుబాసీ ఉన్న హబ్‌కో మార్చడమే దారి. అలాగని 3.0 హబ్ కొంటే దుబాసీ అవసరం తప్పుతుందనుకోకండి. 3.0 హబ్ లోపల 2.0 హబ్ విడిగా ఉంటుంది, మీ ఫుల్ స్పీడ్ పెట్టెలు దాని వెనుకనే చేరతాయి. కొనేముందు దాని ప్రోటోకాల్ వరుసలో 2 ఉందో లేదో చూసుకోండి.

లాగర్ ప్రోగ్రాములో మీరు చేసిన మార్పు మాత్రం అక్కడ కూడా అలాగే పనికివస్తుంది, దాన్ని ముట్టుకోవలసిన పని లేదు. కొత్త యంత్రంలో మొదటి రోజే యూఎస్‌బీమాన్ పెట్టి సి నుంచి ఎస్ వరకు ఎంత పడుతున్నదో ఒకసారి చూడండి. నాలుగు అభ్యర్థనలు నిజంగా వరుసలో ఉంటే ఒక సి రాకముందే తర్వాతి మూడు ఎస్‌లు పైన కనిపించాలి.